తపాలాలో పంపిన చెక్కు, డీడీ చేరకపోతే: మొదటి రోజు నుంచి ఫైలు మూసేదాకా చేయవలసిన పనులు

అనంతపురం పాతూరులో ఇరవై ఏళ్లకు పైగా వ్యాపారుల లెక్కలు రాస్తున్నాను. ధర్మవరం పట్టుచీరల షావుకార్లు, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల వాళ్లు, ఎరువుల అంగళ్ల వాళ్లు నెలనెలా తమ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చి నా బల్ల మీద పెడతారు. ఫోనులోనే డబ్బు పంపుకునే ఈ రోజుల్లో కూడా సూరత్ జరీ వ్యాపారికి చెక్కు, పరీక్ష ఫీజుకు డీడీ (డబ్బు ముందే కట్టి బ్యాంకు నుంచి తీసుకునే డిమాండ్ డ్రాఫ్టు) కవర్లో పెట్టి పోస్టు చేయడం మా వైపు ఇంకా ఆగిపోలేదు. అందులో ఏదో ఒకటి చేరకుండా పోయిన ప్రతిసారీ మనిషికి మొదట కాళ్లు ఆడవు, తర్వాత తొందర పుడుతుంది. నష్టం జరిగేది ఆ తొందరలోనే.

నాకు ఆ పాఠం ఒక వేసవిలో అందింది. ఒక పట్టుచీరల షావుకారు తరఫున 42,500 రూపాయల చెక్కును సూరత్‌కు పంపాను. పది రోజులైనా అందలేదని అవతలి నుంచి ఫోను వచ్చింది. జరీ ఆగిపోతే మగ్గాలు ఆగిపోతాయన్న భయంతో, మొదటి చెక్కును బ్యాంకులో ఆపించకుండానే రెండో చెక్కు రాసి పంపించాను. పిన్ కోడ్‌లో ఒక అంకె నేను తప్పు రాయడం వల్ల ఊళ్లు తిరిగిన మొదటి కవరు పంతొమ్మిదో రోజున అక్కడికి చేరింది. అక్కడి గుమాస్తా ఏ దురుద్దేశమూ లేకుండా దాన్ని కూడా బ్యాంకులో వేశాడు. రెండు చెక్కులూ పాసయ్యాయి. అదనంగా వెళ్లిన డబ్బు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నేతగాళ్ల కూలి కోసం షావుకారు వడ్డీకి తెచ్చి సర్దవలసి వచ్చింది. పాత కాగితం ఇక చెల్లదని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పిన తర్వాతే కొత్తది ఇవ్వాలన్న నియమాన్ని అప్పటి నుంచి నేను తప్పలేదు. కింద రాసిన పనుల వరుస అంతా ఆ నియమం చుట్టూనే ఉంటుంది.

మొదటి పని: కవరు ఎక్కడుందో చూడటం

స్పీడ్ పోస్టు రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అనే రెండు అక్షరాలు. దాన్ని ఇండియా పోస్టు వెబ్‌సైటులో ట్రాకింగ్ గడిలో కొట్టి చూడండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర రసీదు తెల్లకాగితమై ఉంటుంది. కౌంటరులో ఇచ్చేది వేడితో అచ్చు పడే కాగితం. మన ఎండలో స్కూటరు డిక్కీలో నాలుగు రోజులు పడి ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి, లేదా కాగితమంతా నల్లబడిపోతుంది. నేను రసీదు చేతికి రాగానే పోస్టాఫీసు మెట్ల మీదే ఫోనుతో ఫోటో తీస్తాను, ఇంటికొచ్చాక జిరాక్సు తీసి చెక్కు కౌంటర్‌ఫాయిలుకు, అంటే చెక్కు చింపాక బుక్కులో మిగిలే ముక్కకు, గుచ్చుతాను. ఇంత చిన్న పని మీద తర్వాతి ఫిర్యాదులన్నీ ఆధారపడి ఉంటాయి.

ట్రాకింగులో కనిపించే మాటలను జాగ్రత్తగా చదవండి. బుక్ అయి, సంచిలో పడి, బయలుదేరినట్టు మాత్రమే ఉండి ఆపైన కదలిక లేకపోతే కవరు దారిలో ఎక్కడో ఆగింది. డెలివరీ ఆఫీసుకు చేరి, తలుపు తాళం వేసి ఉందని రాసి ఉంటే అది పోలేదు. అక్కడి పోస్టాఫీసులోనే ఉంది. అలాంటి కవర్లను సాధారణంగా ఏడు రోజులు ఉంచి, తర్వాత పంపినవారికి తిప్పి పంపుతారు. పుచ్చుకునేవారు గుర్తింపు కార్డు తీసుకొని కౌంటరుకు వెళ్తే చేతికిస్తారు. డెలివరీ అయినట్టు ఉండి, అవతలివారు అందలేదంటే అది వేరే సంగతి: ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో కనుక్కోవాలి. కాపలా మనిషో, పక్క అంగడి కుర్రవాడో తీసుకొని సొరుగులో వేసి మరిచిపోయిన సందర్భాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి.

పిన్ కోడ్ సరిగా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. మన వైపు అనంతపురానికి 515, కడపకు 516, కర్నూలుకు 518 మొదటి మూడంకెలు. చివరి మూడంకెలు డెలివరీ చేసే పోస్టాఫీసును చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినా పిన్ కోడ్‌లు పాతవే నడుస్తున్నాయి: నంద్యాల 518501, హిందూపురం 515201. కొత్తపల్లి లాంటి పేరున్న ఊళ్లు ఒకటికి మించిన జిల్లాల్లో ఉన్నాయి కాబట్టి జిల్లా పేరు ఒకటి, పిన్ ఇంకొకటి పడితే కవరు దారి తప్పడంలో ఆశ్చర్యం లేదు.

ఎన్నాళ్లు ఎదురుచూడాలి అని అందరూ అడుగుతారు. రాష్ట్రంలో పంపిన స్పీడ్ పోస్టుకు ఐదు పనిదినాలు, బయటి రాష్ట్రానికి ఎనిమిది పనిదినాలు అన్నది నేను పెట్టుకున్న లెక్క. నంబరు లేని మామూలు పోస్టులో పంపి ఉంటే వెతకడానికి దారే లేదు కాబట్టి ఎదురుచూడకుండా నేరుగా బ్యాంకు పనికి వెళ్లండి.

రెండో పని: కవర్లో ఉన్నది ఎలాంటి కాగితమో గుర్తుచేసుకోవడం

తర్వాత ఎంత వేగంగా కదలాలో దీన్నిబట్టి తేలుతుంది. చెక్కు ఎడమ మూలన రెండు గీతలు గీసి, వాటి మధ్య 'అకౌంట్ పేయీ ఓన్లీ' అని రాసి, 'బేరర్' అన్న మాట కొట్టేసి ఉంటే ఆ డబ్బు పేరున్న మనిషి ఖాతాలోకి తప్ప ఇంకొకరి ఖాతాలోకి వెళ్లకూడదు. అలా వేయవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. భయం తక్కువ, పని మాత్రం తప్పదు. గీతలు లేకుండా, బేరర్ అన్న మాట కొట్టకుండా పంపి ఉంటే కవరు దొరికినవాడు కౌంటరు దగ్గర నిలబడి డబ్బు తీసుకోగలడు. అలాంటప్పుడు ఐదు రోజులు, ఎనిమిది రోజులు అన్న లెక్క చెల్లదు. అనుమానం వచ్చిన గంటలోనే బ్యాంకుకు చెప్పాలి.

డీడీ అయితే డబ్బు మీ ఖాతా నుంచి ఇదివరకే వెళ్లిపోయింది, అది బ్యాంకు దగ్గర ఉంది. దాని దారి వేరు, కింద విడిగా రాశాను. ఈ-మనీ ఆర్డరు అయితే లోపల కాగితమే లేదు. 5,000 రూపాయల వరకు పోస్టాఫీసులో కట్టిన డబ్బు అది. రసీదు మీద 18 అంకెల నంబరు ఉంటుంది, దాన్ని పట్టుకొని బుక్ చేసిన పోస్టాఫీసులోనే అడగాలి. ఇక కవర్లో నోట్లు పెట్టి పంపడం, అది రాఖీ పండుగకు పెట్టిన వంద రూపాయలైనా సరే, ఇన్సూర్ చేసిన పోస్టులో తప్ప నిబంధనలకు విరుద్ధం. పోతే అడిగే హక్కు ఉండదు.

మూడో పని: బ్యాంకులో ఆపించడం

ముందు ఖాతా స్టేట్‌మెంటు తెరిచి ఆ చెక్కు నంబరు ఇప్పటికే పాసయిందేమో చూడండి. పాసవకపోతే అక్కడే, ఆ నిమిషమే 'స్టాప్ పేమెంట్' పెట్టండి. మొబైల్ యాప్‌లోను, నెట్ బ్యాంకింగ్‌లోను ఈ సదుపాయం ఉంటుంది. లేకపోతే బ్యాంకు టోల్ ఫ్రీ నంబరుకు చెప్పి, వెంటనే బ్రాంచికి వెళ్లి కాగితం ఇవ్వాలి. కావలసిన వివరాలు చెక్కు నంబరు ఆరంకెలు, తేదీ, మొత్తం, ఎవరి పేరున రాశారో ఆ పేరు. నంబరులో ఒక అంకె తప్పయితే ఆగేది వేరే చెక్కు, కాబట్టి కౌంటర్‌ఫాయిలు చూసి మాత్రమే రాయండి. కౌంటర్‌ఫాయిలు నింపే అలవాటు లేనివారు చెక్కు బుక్కులో పోయిన చెక్కుకు ముందు వెనుక ఉన్న నంబర్లు చూసి తేల్చుకోవచ్చు. దీనికి బ్యాంకు కొంత ఛార్జీ, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తుంది.

రేపు వెళ్దాంలే అనుకోవడానికి ఇదివరకు కొంత వీలుండేది. చెక్కు క్లియరింగుకు ఒకటి రెండు రోజులు పట్టేది కాబట్టి సాయంత్రం గుర్తొచ్చినా మరుసటి ఉదయం ఆపించగలిగేవాళ్లం. 2025 అక్టోబరు 4 నుంచి ఆ పద్ధతి మారింది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు బ్యాంకులో వేసిన చెక్కు బొమ్మ (స్కాను చేసిన నకలు) అప్పటికప్పుడే మీ బ్యాంకుకు చేరుతుంది, అదే రోజు తేలిపోతుంది. కొన్ని గంటల ఆలస్యం కూడా ఇప్పుడు డబ్బు పోవడానికి చాలు.

యాప్‌లో ఆపినా సరే, కింది విధంగా ఒక ఉత్తరం రాసి బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

'బ్రాంచి మేనేజరు గారికి నమస్కారములు. మీ బ్రాంచిలోని నా కరెంటు ఖాతా మీద ఫలానా తేదీన, ఫలానా వారి పేరున, ఇన్ని రూపాయలకు రాసిన ఈ నంబరు గల చెక్కును ఫలానా తేదీన స్పీడ్ పోస్టు ద్వారా పంపాను. ఆ కవరు నేటి వరకు చేరలేదు. దయచేసి ఆ చెక్కుకు చెల్లింపు నిలిపివేసి, నిలిపిన సమయంతో సహా నాకు రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన. చెక్కు రాసిన రోజు నుంచి నేటి వరకు ఖాతాలో తగినంత సొమ్ము ఉన్నది. పోస్టు రసీదు నకలు జతపరిచాను.'

ఖాతాలో సొమ్ము ఉందన్న వాక్యం అలంకారానికి పెట్టినది కాదు. చెక్కు ఆపితే చెక్కు బౌన్సు కేసు పడుతుందేమోనని మా షావుకార్లు తరచు భయపడతారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను ఆపిన చెక్కులకూ వర్తించవచ్చని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే ఆపిన రోజున ఖాతాలో సరిపడా డబ్బు ఉందనీ, ఆపడానికి సరైన కారణం ఉందనీ చూపిస్తే ఆ నేరం నిలవదని 2001లో వచ్చిన మెడ్‌చల్ కెమికల్స్ తీర్పులో అదే కోర్టు వివరించింది. కాబట్టి చెక్కు ఆపాక ఆ డబ్బును వేరే అవసరానికి వాడేసుకోకండి.

మూడు నెలలు దాటితే చెక్కు దానంతట అదే చెల్లకుండా పోతుంది కదా, ఛార్జీ ఎందుకు దండగ అని అడిగేవారున్నారు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కుకూ డీడీకీ గడువు మూడు నెలలే, నిజమే. కానీ ఆ మూడు నెలలూ మీ డబ్బు తాళం లేని ఇంట్లో ఉన్నట్టే. ఛార్జీ కట్టడమే నా సలహా.

నాలుగో పని: అవతలివారితో రాతలో మాట్లాడటం

'అన్నా, చెక్కు ఇంగా రాలేదన్నా' అని ఫోనులో అన్న మాటకు రేపు విలువ ఉండదు. ఫోను పెట్టేయగానే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రెండు ముక్కలు రాయించుకోండి: ఫలానా నంబరు చెక్కు మాకు అందలేదు, అందితే బ్యాంకులో వేయకుండా తిప్పి పంపుతాము అని. నా సూరత్ వ్యవహారంలో ఈ ఒక్క వాక్యం నేను రాయించుకొని ఉంటే ఆ గుమాస్తాకు చెక్కు నంబరు గుర్తుండేది.

మీరు పుచ్చుకునే వైపు ఉంటే మీకూ ఒక హక్కు ఉంది. చెక్కు మీ చేతికి వచ్చాక పోతే, అదే మొత్తానికి ఇంకొకటి ఇవ్వమని అడగడానికి పైన చెప్పిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 45ఏ సెక్షను వీలిస్తుంది. పాతది దొరికి ఎవరైనా అడిగితే నష్టం మాదని హామీ పత్రం ఇమ్మని చెక్కు రాసినవారు కోరవచ్చు, అది న్యాయమే.

దారిలో పోయిన చెక్కు వల్ల వచ్చే నష్టం ఎవరి తల మీద పడుతుంది? ఈ ప్రశ్న మీద స్నేహాలు చెడటం చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. పోస్టులో పంపమని పుచ్చుకునేవారు అడిగితే, లేదా ఇద్దరి మధ్య అలా ఒప్పందం ఉంటే, తపాలా శాఖ పుచ్చుకునేవారి తరఫు మనిషి కింద లెక్క. కవరు పోస్టు చేయడంతోనే వారికి అప్పగించినట్టు. వారు అడగకుండా మీ సౌకర్యం కోసం పంపితే తపాలా శాఖ మీ తరఫు మనిషి. 1954లో ఓగలే గ్లాస్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను నిర్ధారించింది. అందువల్ల 'పోస్టులో పంపండి' అన్న సందేశం మీ ఫోనులో ఉంటే దాన్ని చెరపకండి, ఆలస్యం అయిందని వడ్డీ వేస్తే చూపించడానికి పనికొస్తుంది. అయితే వడ్డీ ఎవరిదని వాదించడం వేరు, అసలు బాకీ తీరిందని వాదించడం వేరు. చెక్కు అన్నది డబ్బు చేతికి వచ్చేదాకా షరతుతో కూడిన చెల్లింపు మాత్రమే. ఆపించిన చెక్కుతో ఎవరి బాకీ తీరదు, కొత్తగా చెల్లించవలసిందే.

కొత్త చెల్లింపుకు ముందు బ్యాంకు నుంచి ఆపినట్టు సమాధానం వచ్చిందా అని చూసుకొని, వీలైతే ఈసారి నెఫ్ట్ ద్వారా, అంటే మీ ఖాతా నుంచి నేరుగా వారి ఖాతాకు, పంపండి. ఖాతా నంబరు అవతలివారి పాత బిల్లు మీదున్నదే వాడండి. చెక్కు పోయిందన్న గందరగోళంలో ఎవరో కొత్త నంబరు మెసేజ్ చేస్తే, మీకు ముందు నుంచి తెలిసిన ఫోను నంబరుకు చేసి అడగందే ఒక్క రూపాయి పంపకండి. లైఫ్ ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివైతే కవరు గురించి తేలేదాకా ఆగవద్దు. ఎల్‌ఐసీలో ఏడాది, ఆరు నెలలు, మూడు నెలల వాయిదాలకు కనీసం 30 రోజులు, నెల వాయిదాకు 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. చెక్కు ఆపించి, ఆ గడువులోపు కౌంటరులోనో ఆన్‌లైన్లోనో కట్టేయండి.

డీడీ పోతే

డీడీకి స్టాప్ పేమెంట్ అన్న మాట వర్తించదు, ఎందుకంటే చెల్లిస్తానని మాట ఇచ్చింది బ్యాంకు. మీరు చేయగలిగింది డీడీ కొన్న బ్రాంచికి వెళ్లి అది పోయిందని రాసిచ్చి, చెల్లించే బ్రాంచిని హెచ్చరించమని కోరడం. డీడీ తీసినప్పటి చలానా నకలు, పోస్టు రసీదు, అందలేదని పుచ్చుకునే సంస్థ ఇచ్చిన ఉత్తరం తీసుకువెళ్లండి. డబ్బు ఎవరికీ చెల్లించలేదని తేలాక, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు, అంటే పాత డీడీ వల్ల బ్యాంకుకు నష్టం వస్తే నాదే బాధ్యత అన్న హామీ పత్రం, రాయించుకొని రెండో ప్రతి ఇస్తారు. ఎంత విలువ స్టాంపు పేపరు, ఎంతమంది జామీను అన్నది బ్రాంచిలో ముందే అడిగి వెళ్తే రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.

ఇక్కడ మీకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన అండ ఉంది. 5,000 రూపాయల లోపు డీడీకి అవతలి బ్రాంచి జవాబు కోసం ఆగకుండా, తగిన హామీ పత్రం మీద రెండో ప్రతి ఇవ్వాలి. అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే ఆలస్యమైన రోజులకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటున వడ్డీ కట్టాలి. ఈ సంగతి కౌంటరులో మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పండి. 2018 సెప్టెంబరు 15 నుంచి డీడీ ముఖం మీద కొన్నవారి పేరు కూడా అచ్చు వేస్తున్నారు, 20,000 రూపాయలు, అంతకు మించిన డీడీ అకౌంట్ పేయీ గీతలతోనే వస్తుంది. ఈ రెండింటి వల్ల దొరికినవాడు దాన్ని డబ్బు చేసుకోవడం చాలా కష్టం.

పరీక్ష ఫీజులకు, ఉద్యోగ దరఖాస్తులకు డీడీ పంపిన పిల్లల విషయంలో నా మాట ఒకటే. చివరి తేదీ దగ్గరపడితే రెండో ప్రతి కోసం కూర్చోవద్దు. ఇంకో డీడీ తీసి, దరఖాస్తుతో మనిషి చేతనే పంపండి. 500 రూపాయల డీడీ మీద హామీ పత్రం రాయించి తిరిగి రాబట్టుకోవడానికి నెల పట్టవచ్చు, పోయిన విద్యాసంవత్సరం మాత్రం తిరిగి రాదు.

తపాలా శాఖకు ఫిర్యాదు

ఫిర్యాదు చేసినంత మాత్రాన డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి. అయినా ఫిర్యాదు చేయాలి, ఎందుకంటే కవరు దొరకడానికి అదే దారి, బ్యాంకుకూ అవతలివారికీ చూపించే సాక్ష్యమూ అదే. ఇండియా పోస్టు వెబ్‌సైటులోనో, 1800 266 6868 టోల్ ఫ్రీ నంబరులోనో ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబరు రాసుకోండి. బుక్ చేసిన పోస్టాఫీసులో కూడా రాసి ఇవ్వవచ్చు. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా మీ డివిజను పోస్టల్ సూపరింటెండెంటుకు, ఆ పైన కర్నూలులో ఉన్న పోస్ట్‌మాస్టర్ జనరల్‌కు రాయవచ్చు. మన రాయలసీమ జిల్లాలు కర్నూలు రీజియను కిందికే వస్తాయి. రోజులు గడిచేకొద్దీ సంచుల లెక్కలు వెతకడం కష్టమవుతుంది కాబట్టి నెల దాటనివ్వకండి.

స్పీడ్ పోస్టు పోతే నిబంధనల ప్రకారం ఇచ్చే పరిహారం మీరు కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. లోపల లక్ష రూపాయల చెక్కు ఉన్నా లెక్క మారదు. 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టం కూడా, 1898 నాటి పాత చట్టం లాగానే, నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప శాఖకు బాధ్యత లేదంటుంది. ఉద్యోగి మోసంతోనో కావాలనో చేసినట్టు తేలితే ఆ ఉద్యోగి మీదికి వెళ్తుంది. ఇది తెలిసి కూడా పోస్ట్‌మ్యాన్‌ను వీధిలో నిలదీయడం తగదు. ఎండలో ముప్పై ఇళ్లు తిరిగే ఆ మనిషి తన సంచిలోకి రాని కవరుకు జవాబు చెప్పలేడు.

డబ్బు వేరేవాళ్ల చేతిలో పడి ఉంటే

స్టేట్‌మెంటులో చెక్కు పాసయినట్టు కనిపిస్తే మొదట బ్యాంకు నుంచి ఆ చెక్కు బొమ్మ, ముందు వెనుక రెండు వైపులా, తీసుకోండి. మీకు కావలసిన మూడు సంగతులు అందులో ఉంటాయి: ఏ బ్యాంకులో వేశారు, పేరుగాని మొత్తంగాని మారిందా, వెనుక ఎవరి సంతకం, ఖాతా నంబరు ఉన్నాయి. అవతలివారే వేసుకొని లెక్కలో ఎక్కించడం మరిచిపోయిన సందర్భం ఎక్కువ, కాబట్టి ఎవరినీ దొంగ అనకుండా ముందు ఆ బొమ్మ వారికి పంపండి.

పేరు దిద్ది ఉంటే, లేదా అదే పేరుతో ఎవరో ఖాతా తెరిచి వేసుకొని ఉంటే అప్పుడు రెండు పనులు ఒకే రోజు జరగాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోవాలి. మీ బ్యాంకుకూ, చెక్కు జమ చేసుకున్న బ్యాంకుకూ విడివిడిగా రాసి ఆ ఖాతాలో ఉన్న సొమ్మును కదలనివ్వవద్దని కోరాలి. తేదీకి మళ్లీ గడువు ఇచ్చే సందర్భంలో తప్ప చెక్కు మీద ఏ దిద్దుబాటూ ఉండకూడదన్నది క్లియరింగు నియమం. దిద్దిన చెక్కును పాస్ చేసిన బ్యాంకు జవాబు చెప్పవలసి ఉంటుంది. జమ చేసుకున్న బ్యాంకుకు చట్టం ఇచ్చే రక్షణ కూడా అది నిర్లక్ష్యం లేకుండా నడుచుకున్నప్పుడు మాత్రమే దక్కుతుంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబుతో మీకు న్యాయం జరగకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లాలంటే కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి.

మీకు వచ్చిన చెక్కును మీరు బ్యాంకులో వేసిన తర్వాత అది పోవడం ఇంకొక రకం. అప్పుడు తపాలాకూ మీకూ సంబంధం లేదు. పోయిందని వెంటనే మీకు చెప్పడం, కొత్త చెక్కు తెప్పించుకోవడానికి మీకైన ఖర్చు, ఆలస్యానికి వడ్డీ ఇవ్వడం ఆ బ్యాంకు బాధ్యత. అందుకే పెద్ద మొత్తాలను డ్రాప్ బాక్సులో వేయకుండా కౌంటరులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. కౌంటరులో ఇచ్చినప్పుడు రసీదు ఇచ్చేది లేదని ఏ బ్రాంచీ అనకూడదు.

మళ్లీ పంపవలసి వస్తే

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఈ మార్పులో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది గమనించలేదు. మామూలు స్పీడ్ పోస్టును ఆ చిరునామాలో ఉన్న ఎవరికైనా ఇవ్వవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు లాగా పేరున్న మనిషికో, ఆయన అధికారం ఇచ్చినవారికో మాత్రమే అందాలంటే కౌంటరులో 'రిజిస్ట్రేషన్ కూడా వేయండి' అని నోరు తెరిచి అడగాలి. దానికి అదనంగా 5 రూపాయలు, ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతికి మరో 5 రూపాయలు, వాటి మీద జీఎస్టీ. చెక్కు ఉన్న కవరుకు నేను రెండూ వేయిస్తాను.

చెక్కును ఒక మడత తెల్లకాగితంలో పెట్టి, దీపం ముందు పట్టుకున్నా లోపలి అంకెలు కనపడని మందపు కవరులో పంపండి. కిటికీ కవర్లు వద్దు. చెక్కు అడుగున అయస్కాంతపు సిరాతో అచ్చు వేసిన తెల్లటి పట్టీ ఉంటుంది, మడత దాని మీద పడకూడదు, పిన్ను గుచ్చకూడదు. లోపల పెట్టే ఉత్తరంలో బిల్లు నంబరు, చెక్కు నంబరు రాయండి. 50,000 రూపాయలు, ఆ పైన చెక్కు అయితే పోస్టు చేసే ముందే బ్యాంకు యాప్‌లో 'పాజిటివ్ పే' కింద దాని వివరాలు నమోదు చేయండి. 2021 జనవరి 1 నుంచి ఉన్న ఈ ఏర్పాటులో మీరిచ్చిన వివరాలతో సరిపోలని చెక్కును బ్యాంకు పట్టుకుంటుంది.

పాత కవరు ఎప్పటికైనా తిరిగి వస్తే

వస్తుంది, చాలాసార్లు వస్తుంది. నా దగ్గరికి ఒకటి నాలుగు నెలల తర్వాత, మూల చిరిగి, మూడు పోస్టాఫీసుల ముద్రలతో వచ్చింది. అలాంటి కవరును ముద్రలు కనిపించేలా ఫోటో తీయండి, తర్వాతే విప్పండి. లోపలి చెక్కు మీద అడ్డంగా 'క్యాన్సిల్డ్' అని రాసి, సంతకం ఉన్న చోటు, అడుగున ఉన్న పట్టీ చింపేసి, మిగిలిన ముక్కను కౌంటర్‌ఫాయిలుకు అంటించండి. దొరికింది డీడీ అయితే చింపకూడదు; రెండో ప్రతి తీసుకొని ఉంటే ఆ పాతదాన్ని బ్యాంకుకు అప్పగించి, హామీ పత్రం రద్దయినట్టు రాయించుకోవాలి. తపాలా శాఖ ఫిర్యాదును కవరు దొరికిందని రాసి ముగించండి. లెడ్జరులో పాత చెక్కు పద్దుకు ఎదురు పద్దు వేసి, పక్కన తేదీ, బ్యాంకు ఉత్తరం నంబరు రాసి, అవతలివారి నుంచి కొత్త చెల్లింపు ముట్టినట్టు వచ్చిన రసీదును ఆ పేజీకే గుచ్చండి.